‘నాకు మేలు జరిగింది’ అన్న మాట సాక్ష్యమేనా?

1939లో అమెరికాలోని బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే ఊళ్లలో ఒక మంచిపని మొదలైంది. తలపెట్టినవాడు రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు. పేదవాడల్లో పెరుగుతున్న మగపిల్లల్ని చిన్నప్పుడే చేరదీసి వెన్నుదన్నుగా నిలిస్తే పెద్దయ్యాక నేరాల జోలికి పోరని ఆయన నమ్మకం. నమ్మకంతోనే ఆగి ఉంటే ఇవాళ ఆయన పేరు తలుచుకునే పని లేదు. వయసులో, ఇంటి పరిస్థితిలో, స్వభావంలో దగ్గరదగ్గరగా ఉన్న పిల్లల్ని జతలుగా కూర్చి, ప్రతి జతలోనూ ఎవరికి సాయం అందాలో బొమ్మాబొరుసు వేసి తేల్చారు. మొత్తం 506 మంది. సగం మందికి సాయం. మిగిలిన సగం మందిని వాళ్ల మానాన వదిలేశారు. సాయమంటే మొక్కుబడిది కాదు. సగటున ఐదేళ్లకు పైగా నెలకు రెండుసార్లు కౌన్సెలర్ ఇంటికి వచ్చేవాడు. చదువులో వెనకబడిన వాళ్లకు ట్యూషన్ చెప్పించారు, అవసరమైన వాళ్లకు వైద్యం చేయించారు, కొందరిని వేసవి శిబిరాలకు పంపారు.

ముప్ఫై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లల్ని, అంటే అప్పటికి నడివయసుకు వచ్చిన ఆ మగవాళ్లని, వెతికి పట్టుకుంది. 1978లో ఆమె ప్రచురించిన ఫలితాలు చదివితే ఇప్పటికీ మింగుడుపడవు. సాయం పొందినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆ కార్యక్రమం తమకు ఎంతో మేలు చేసిందని చెప్పారు. కౌన్సెలర్ల పేర్లు గుర్తుపెట్టుకుని, ఆప్యాయంగా తలుచుకున్నవాళ్లు ఉన్నారు. కోర్టు, ఆసుపత్రి, మరణ రికార్డులు మాత్రం వేరే సంగతి చెప్పాయి. ఒకసారి నేరం చేశాక మళ్లీ చేసినవాళ్లు, తాగుడు లక్షణాలున్నవాళ్లు, తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చినవాళ్లు, చిన్నవయసులోనే పోయినవాళ్లు సాయం పొందిన వైపే ఎక్కువగా తేలారు. మేలు జరగకపోగా కీడు జరిగింది. ఎందుకన్నది చాలాకాలం తేలలేదు. 1999లో మెకార్డ్, మరో ఇద్దరు కలిసి లెక్కలు తిరగేస్తే వేసవి శిబిరాలకు ఒకటికి రెండుసార్లు వెళ్లిన పిల్లల పరిస్థితి అందరికంటే అధ్వానమని బయటపడింది. దుడుకు పిల్లలందరినీ ఒకచోట చేరిస్తే ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది దుడుకుతనమే కావచ్చునని వాళ్ల ఊహ.

ఆ బొమ్మాబొరుసు లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. కౌన్సెలర్లు మనస్ఫూర్తిగా పనిచేశారు. లబ్ధి పొందినవాళ్లు కృతజ్ఞతతో ఉన్నారు. మామూలు లెక్కన ఇది గొప్ప విజయం. పత్రికల్లో వ్యాసాలు వచ్చేవి, ఊరూరా శిబిరాలు వెలిసేవి. సాయం అందని ఆ 253 మంది ఉన్నారు కాబట్టే అసలు సంగతి బయటికి వచ్చింది.

శాస్త్రీయ దృక్పథం అనగానే మనవాళ్లు దాన్నొక వ్యక్తి గుణంగా చూస్తారు. మూఢనమ్మకాలు లేనివాడు, గ్రహణం రోజున అన్నం తినేవాడు, దెయ్యానికి భయపడనివాడు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణం శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుల విధి అంటుంది; అక్కడా అది మనిషి అలవరచుకోవలసిన లక్షణమే. మనస్తత్వశాస్త్రపు చరిత్రను చూస్తే నాకు కలిగే అభిప్రాయం వేరు. మనిషి ఎంత తెలివైనవాడు, ఎంత నాస్తికుడు అన్నదానికంటే, తన నమ్మకం ఓడిపోవడానికి ముందుగానే ఒక ఏర్పాటు చేసుకున్నాడా లేదా అన్నదే ముఖ్యం. ఆ ఏర్పాటు ఉన్నచోట మామూలు మనుషులు కూడా నిజం పట్టుకున్నారు. లేనిచోట మహామేధావులు బోల్తా పడ్డారు.

ఈ ఏర్పాటు ప్రయోగశాలల కంటే పాతది. మనస్తత్వశాస్త్రానికి తొలి ప్రయోగశాల 1879లో లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ పెట్టాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అంతకు దాదాపు వందేళ్ల ముందే, 1784లో, పారిస్‌లో ఒక చక్కటి పరీక్ష జరిగింది. ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు మనుషుల్లో ఒక అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందనీ, దాన్ని సరిచేసి జబ్బులు నయం చేస్తాననీ ఊరంతా ఊపేస్తున్న రోజులవి. రోగులు వణికిపోయేవారు, మూర్ఛపోయేవారు, లేచి బాగైపోయామనేవారు. రాజు పదహారవ లూయీ ఒక సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవాయిజే ఉన్నారు. మెస్మర్ శిష్యుడు డెస్లాన్ ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టును మంత్రించాడు. పన్నెండేళ్ల కుర్రవాడి కళ్లకు గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. వాడు మూర్ఛపోయాడు, కానీ మంత్రించని చెట్టు దగ్గర. రోగులు నటిస్తున్నారని సంఘం అనలేదు. మూర్ఛ నిజం, ద్రవం అబద్ధం, పనిచేస్తున్నది ఊహాశక్తి అని తేల్చింది. అనుభవాన్ని కొట్టిపారేయకుండా, ఆ అనుభవానికి చెప్పుకునే కారణాన్ని మాత్రం పరీక్షకు పెట్టడం ఎలాగో ఆ నివేదిక చూపించింది. మన హేతువాద సభల్లో ఈ సున్నితత్వం తరచు లోపిస్తుందని చెప్పక తప్పదు.

బెర్లిన్‌లోని గుర్రం కథ చాలామందికి తెలిసిందే. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడి గుర్రం హాన్స్ గిట్టతో నేలను తట్టి కూడికలు, తీసివేతలు చెప్పేది. ఆయన టికెట్టు పెట్టి డబ్బు చేసుకున్నవాడు కాదు. గుర్రానికి నిజంగానే లెక్కలు వచ్చని నమ్మాడు. 1904లో వచ్చిన నిపుణుల సంఘం మోసమేమీ లేదంది. ఆ తర్వాత ఆస్కార్ ప్‌ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అడిగినది చిన్న ప్రశ్న: అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రం చెప్పగలదా? చెప్పలేకపోయింది. సరైన అంకె రాగానే అడిగినవాడి తల కాస్త కదిలేది, గుర్రం అది చూసి ఆగిపోయేది. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ఈ రహస్యం కనిపెట్టాక కూడా ప్‌ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు. తెలుసుకున్నంత మాత్రాన మనిషి మారిపోడు. ఏర్పాటును మార్చాలి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పాఠం మరిచిపోయిన చోటల్లా మూల్యం చెల్లించారు. తత్వవేత్త కార్ల్ పాపర్ వియన్నాలో యువకుడిగా ఉన్నప్పుడు మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ దగ్గర ఒక పిల్లవాడి విషయం ప్రస్తావించాడు. పిల్లవాణ్ని చూడకుండానే ఆడ్లర్ తన సిద్ధాంతంతో వివరించేశాడు. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారని అడిగితే, ఇలాంటివి వెయ్యి చూశానన్నాడు. దీంతో వెయ్యిన్నొకటి అయిందన్నమాట అని పాపర్ చురక వేశాడు. ఏది జరిగినా తనకు అనుకూలంగానే చెప్పుకోగల సిద్ధాంతం బలమైనది కాదు, బలహీనమైనది అన్న పాపర్ వాదన అక్కణ్నుంచి మొలిచింది. పాపర్ అదే వాదనతో తప్పుబట్టిన ఫ్రాయిడ్ సిద్ధాంతాలన్నింటికీ ఇది వర్తించదని, వాటిలో కొన్నింటిని పరీక్షించవచ్చనీ తర్వాతి తత్వవేత్తలు వాదించారు. ఆ వాదనలో పస ఉంది. కలకత్తాలో 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ తన రోగుల్లో తాను చూసినది ఫ్రాయిడ్ చెప్పినదానితో సరిపోవడం లేదని నేరుగా ఫ్రాయిడ్‌కే రాశాడు. కానీ ఆ భేదాభిప్రాయాన్ని తేల్చే పద్ధతి ఇద్దరి దగ్గరా లేదు. ఆయన రోగులు ఆయనకు, ఈయన రోగులు ఈయనకు.

ఇది పండితుల తగాదాగా మిగిలిపోతే సరిపోయేది. పిల్లలకు ఆటిజం రావడానికి తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమన్న వాదం కొన్ని దశాబ్దాలు రాజ్యమేలింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో రాసిన పుస్తకం దానికి ఊపునిచ్చింది. క్లినిక్‌కు వచ్చిన తల్లులు ముభావంగా, అలసిపోయి కనిపించేవారు నిజమే. మాట రాని, కళ్లలోకి చూడని బిడ్డను ఏళ్ల తరబడి పెంచుతున్న తల్లి ఇంకెలా ఉంటుంది? కారణమేదో ఫలితమేదో తారుమారైంది. ఆ తల్లులను ఇతర పిల్లల తల్లులతో పోల్చి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. తన కొడుక్కే ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లోనే ఈ వాదాన్ని ఎండగట్టాడు. అయినా ఎందరో తల్లులు చెయ్యని నేరానికి జీవితాంతం కుమిలిపోయారు. మన ఊళ్లలో ఇప్పటికీ ‘తల్లి ఉద్యోగానికి పోయి పిల్లాణ్ని పట్టించుకోలేదు, అందుకే మాటలు రాలేదు’ అనేవాళ్లు దొరుకుతారు. వాళ్లు బెటెల్‌హైమ్ పేరు విని ఉండరు. ఆ పోలిక చేసుకోకపోవడంలో మాత్రం ఆయనకు వారసులే.

అనుభవం ఇంతగా ఎందుకు మోసం చేస్తుందన్నది మనస్తత్వశాస్త్రమే తవ్వి తీసిన విషయం. నా దృష్టిలో ఈ శాస్త్రం సాధించిన వాటిలో ఇదే గట్టిది. 1960లో పీటర్ వాసన్ లండన్‌లో విద్యార్థులకు 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి వీటి వెనకున్న సూత్రం కనిపెట్టమన్నాడు. వాళ్లు తమకు తోచిన అంకెలు చెబితే, సూత్రానికి సరిపోతాయో లేదో ఆయన చెబుతాడు. చాలామంది 8, 10, 12 అన్నారు. 20, 22, 24 అన్నారు. ప్రతిసారీ సరే అనిపించుకుని, రెండేసి పెరిగే సరిసంఖ్యలని ధీమాగా ప్రకటించారు. అసలు సూత్రం అంతకంతకూ పెరిగే ఏ మూడు అంకెలైనా అని. 1, 2, 3 అని ఒక్కసారి అని ఉంటే తమ ఊహ తప్పని తెలిసిపోయేది. తప్పు తేలే ప్రశ్న అడగాలని వాళ్లకు తోచలేదు.

నిపుణులు దీనికి అతీతులు కారు. 1960ల్లో లొరెన్, జీన్ చాప్‌మన్ దంపతులు చేసిన పరిశోధన వైద్యులకు చేదుగా ఉంటుంది. రోగి చేత మనిషి బొమ్మ గీయించి మనసు చదివే పరీక్ష ఒకటుంది. అనుమానపు మనిషి కళ్లను పెద్దవిగా, వింతగా గీస్తాడని క్లినికల్ సైకాలజిస్టులు అనుభవంతో చెప్పేవారు. అలాంటి సంబంధమేమీ లేదని పరిశోధనల్లో తేలినా, మేం కళ్లారా చూస్తున్నాం కదా అనేవారు. చాప్‌మన్లు ఏ అనుభవమూ లేని విద్యార్థులకు బొమ్మలనూ లక్షణాలనూ ఇష్టం వచ్చినట్టు కలిపేసి చూపించారు. వాటి మధ్య ఏ సంబంధమూ లేదు. అయినా విద్యార్థులు అనుమానానికీ కళ్లకూ లంకె ‘చూశారు’. నిపుణుల పాతికేళ్ల అనుభవం, విద్యార్థుల గంటసేపటి భ్రమ ఒకే చోటికి చేరాయి. పాల్ మీల్ 1954లో రాసిన చిన్న పుస్తకంలో, రోగి భవిష్యత్తును ఊహించడంలో మామూలు గణాంక సూత్రం నిపుణుడి అంచనాకు సమానంగానో అంతకంటే మెరుగ్గానో ఉంటుందని చూపించాడు. మీల్ స్వయంగా రోగులకు చికిత్స చేసేవాడు. ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో సాటి వైద్యులను అడగాలి.

రాశిఫలాలు చదివేవాళ్ల కోసం బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లో చేసిన తరగతి గది ప్రయోగం ఉంది. వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, 39 మంది విద్యార్థులకు ఎవరి నివేదిక వాళ్లకు విడివిడిగా ఇచ్చి, ఎంత బాగా సరిపోయిందో ఐదుకు మార్కులు వెయ్యమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చినది ఒకే నివేదిక. ఎక్కువ భాగం జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినదే. జాతకం అచ్చుగుద్దినట్టు సరిపోయిందనేవారిని వెక్కిరించి లాభం లేదు. పక్కవాడి జాతకం కూడా అంతే సరిపోతుందేమో చూడమంటే చాలు.

చదువుకుంటే ఈ తప్పులు తగ్గుతాయా? ఇక్కడ చిత్రం కాస్త గజిబిజిగా ఉంది. 1988లో రిచర్డ్ నిస్బెట్ బృందం అమెరికాలో పీజీ విద్యార్థులను పరీక్షిస్తే, రెండేళ్ల సైకాలజీ చదువు రోజువారీ విషయాల్లో గణాంక దృష్టిని బాగా పెంచిందని, రసాయన శాస్త్రం, న్యాయశాస్త్రం చదువు అంతగా పెంచలేదనీ తేలింది. ఒకరిలా ఒకరు ఉండని మనుషుల మధ్య పనిచేసేవాడికి పోల్చి చూసే కంట్రోల్ గ్రూపు లేనిదే గడవదు కదా. మరోవైపు డాన్ కహాన్ ప్రయోగం ఉంది. ఒకే అంకెల పట్టికను చర్మానికి పూసే క్రీము గురించి అని చెబితే లెక్కలు బాగా వచ్చినవాళ్లు సరిగ్గా చదివారు. అవే అంకెలను తుపాకుల నియంత్రణ గురించి అని చెప్పేసరికి తమ రాజకీయాలకు తగ్గట్టు చదివారు. లెక్కల్లో దిట్టలైనవాళ్ల మధ్యే చీలిక ఎక్కువైంది. తెలివి లాయరు లాంటిది, ఎవరు ఫీజు ఇస్తే వాళ్ల తరఫున వాదిస్తుంది. విమర్శనాత్మక ఆలోచన పేరుతో స్కూళ్లలో పెట్టే వర్క్‌షాపులు ఎదుటివాడి వాదంలో లొసుగులు పట్టడం నేర్పి వదిలేస్తే, అవి చేసే మేలు అనుమానమే.

ఇక మన విశాఖపట్నం సంగతి. 1930ల్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ అతీంద్రియ శక్తుల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఐదు గుర్తులున్న ఇరవై ఐదు కార్డుల్లో కనపడని కార్డును ఊహించాలి. గాలివాటుగా చెప్పినా సగటున ఐదు తగలాలి. అంతకంటే ఎక్కువ తగిలేవాళ్లున్నారని ఆయన వాదన. ఆయన దగ్గర పనిచేసిన తెలుగువాడు కోనేరు రామకృష్ణారావు. 1960ల చివర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరామనోవిజ్ఞానానికి విభాగం పెట్టింది ఆయనే. తర్వాత అమెరికాలో రైన్ నెలకొల్పిన సంస్థకు సారథ్యం వహించాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లర్ అయ్యాడు, 2011లో పద్మశ్రీ అందుకున్నాడు. 1987లో జాన్ పామర్‌తో కలిసి ఒక ప్రముఖ అంతర్జాతీయ జర్నల్‌లో అతీంద్రియ శక్తుల పక్షాన వాదిస్తూ దీర్ఘవ్యాసం రాశాడు. ఆ జర్నల్ పద్ధతి ప్రకారం వ్యతిరేకుల వ్యాఖ్యలు కూడా దాంతోపాటే అచ్చయ్యాయి.

అతీంద్రియ శక్తి ఉందని నేను నమ్మను. ఎవరు చేసినా, ఎక్కడ చేసినా నిలిచే ప్రయోగం ఒక్కటీ ఇన్ని దశాబ్దాల్లో దొరకలేదు. కానీ ఈ రంగాన్ని అంధవిశ్వాసమని ఒక్క మాటతో తీసిపారేసేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. అనుకూల ఫలితాలను మాత్రమే అచ్చువేసే అలవాటును పరామనోవిజ్ఞానుల సంఘం 1970ల్లోనే తప్పుబట్టింది. ఆ రంగానికి చెందిన ఒక యూరోపియన్ జర్నల్, ప్రయోగం మొదలుపెట్టకముందే ప్రణాళికను నమోదు చేయించుకునే పద్ధతిని 1976 నాటికే నడిపింది. ప్రధాన స్రవంతి సైకాలజీకి ఆ బుద్ధి రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. నిత్యం అనుమానించబడేవాడు జాగ్రత్తగా ఉంటాడు. గౌరవం ఉన్నవాడు అలసత్వానికి లోనవుతాడు.

ఆ అలసత్వం 2011లో బట్టబయలైంది, అదీ అతీంద్రియ శక్తి పుణ్యానే. కార్నెల్ ప్రొఫెసర్ డారిల్ బెమ్, వెయ్యిమందికి పైగా విద్యార్థులతో తొమ్మిది ప్రయోగాలు చేసి, మనుషులు భవిష్యత్తును పసిగట్టగలరని సామాజిక మనస్తత్వశాస్త్రంలో అగ్రశ్రేణి జర్నల్‌లోనే ప్రచురించాడు. అందరూ వాడే పద్ధతులే ఆయనా వాడాడు. అంటే రెండే దారులు: భవిష్యత్తు నిజంగానే ముందుగా తెలుస్తుందనుకోవాలి, లేదా అందరూ వాడే పద్ధతుల్లోనే బొక్క ఉందనుకోవాలి. బ్రిటన్‌లో ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. దాన్ని అదే జర్నల్‌కు పంపితే, మళ్లీ చేసిన ప్రయోగాలను మేం వేసుకోం అని తిప్పి పంపారు! ఏ శాస్త్రానికైనా పునాది అని క్లాసులో చెప్పేదాన్ని పత్రికాఫీసు గుమ్మం దగ్గరే ఆపేశారు.

అదే ఏడు ముగ్గురు యువ పరిశోధకులు జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, యూరీ సైమన్‌సోన్ కావాలని ఒక అసంబద్ధమైన ఫలితం సృష్టించి చూపించారు. బీటిల్స్ పాట ఒకటి వింటే మనిషి వయసు ఏడాదిన్నర తగ్గుతుందట! అంకెలు మార్చలేదు. కొలిచినవాటిలో అనుకూలమైనదే చెప్పడం, ఫలితం వచ్చేదాకా మనుషుల్ని చేరుస్తూ పోవడం, ఇష్టమైన లెక్క ఎంచుకోవడం వంటి, ఎవరూ తప్పుగా భావించని చిన్నచిన్న వెసులుబాట్లు నాలుగు కలిపితే, లేని ప్రభావం ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం నుంచి 60 శాతం దాటిపోతుందని లెక్కగట్టారు. నెదర్లాండ్స్‌లో డీడరిక్ స్టాపెల్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి డేటాను ఇంట్లో కూర్చుని కల్పించినట్టు బయటపడింది కూడా 2011లోనే. ఆయన పత్రాలు యాభైకి పైగా ఉపసంహరించారు. నాకైతే స్టాపెల్ కంటే బీటిల్స్ పాటే ఎక్కువ ఆందోళన కలిగించింది. దొంగను పట్టుకోవచ్చు. నిజాయతీగా తనను తాను మోసగించుకునేవాణ్ని పట్టుకోవడం కష్టం.

2015లో బ్రయన్ నోసెక్ నేతృత్వంలో 270 మంది కలిసి, పేరున్న మూడు జర్నళ్లలోని వంద అధ్యయనాలను మళ్లీ చేశారు. మొదట 97 శాతం ‘గణనీయ’ ఫలితాలున్నవి, మళ్లీ చేస్తే 36 శాతానికి దిగాయి. వాడితే అరిగిపోయే సంకల్పబలం, చిరునవ్వు కండరాలు బిగిస్తే వచ్చే ఆనందం, రెండు నిమిషాలు ఠీవిగా నిలబడితే శరీరంలో మారిపోయే హార్మోన్లు వంటి, వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు మేత అయిన ఫలితాలు ఒకదాని తర్వాత ఒకటి నేలకూలాయి, లేదా గుర్తుపట్టలేనంత చిక్కిపోయాయి. సంకల్పబలం మీద 2016లో 23 ప్రయోగశాలలు రెండువేల మందికి పైగా మనుషులతో చేస్తే, ప్రభావం సున్నాకు దగ్గరగా వచ్చింది. మిఠాయి తినకుండా ఆగిన పిల్లలు జీవితంలో పైకొస్తారన్న ప్రసిద్ధ ప్రయోగం సంగతీ అంతే: 2018లో తొమ్మిది వందల మందికి పైగా పిల్లల మీద చూస్తే సంబంధం సగానికి తగ్గింది, ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఇంకా పలచబడింది. మన ఇంజనీరింగ్ కాలేజీల ఓరియంటేషన్ సభల్లో ఆ మిఠాయి కథ మాత్రం ఇప్పటికీ పదిలంగా ఉంది.

డానియల్ కానమన్ ఉదాహరణ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. కొద్దిమందిని చూసి అందరి గురించి తీర్మానించే భ్రమ మీద 1971లో ఆమోస్ ట్వెర్స్కీతో కలిసి వ్యాసం రాసింది ఆయనే. నలభై ఏళ్ల తర్వాత తన ప్రసిద్ధ గ్రంథంలో, కొద్దిమందితో చేసిన బలహీనమైన ప్రయోగాలను నమ్మి ఒక అధ్యాయం నింపాడు. 2017లో ఆ సంగతి బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం గొప్పే. నోబెల్ గ్రహీతకే, అదీ తాను కనిపెట్టిన గుంటలోనే కాలు జారిందంటే, మంచి బుద్ధి ఉంటే చాలన్న మాట ఎంత డొల్లో తెలుస్తుంది.

ఇదంతా చూసి సైకాలజీ మొత్తం బూటకమనేవాళ్లూ తయారయ్యారు. అది తొందరపాటు. 2015 లెక్కల మీదే హార్వర్డ్‌కు చెందిన డానియల్ గిల్బర్ట్ తదితరులు గట్టి అభ్యంతరాలు లేవనెత్తారు. మళ్లీ చేసినప్పుడు పరిస్థితులు, మనుషులు మారిపోతే ఫలితం మారడం వైఫల్యం కాదన్నారు. వ్యక్తిత్వ లక్షణాలకూ జీవిత ఫలితాలకూ ఉన్న సంబంధాలను 2019లో మళ్లీ పరీక్షిస్తే దాదాపు 87 శాతం నిలిచాయి. ఎబింగ్‌హౌస్ 1885లో గీసిన మరపు రేఖ నేటికీ అలాగే వస్తుంది. పాఠాన్ని ఒక్క రాత్రి బట్టీ పట్టడం కంటే రోజులు ఎడం ఇచ్చి చదివితే ఎక్కువ గుర్తుంటుందన్నది రాయి మీద గీత. శుభవార్తల్లోకెల్లా పెద్దది పద్ధతి మారడం. 2013లో ‘కార్టెక్స్’ జర్నల్ ఒక పద్ధతి మొదలుపెట్టింది: ఫలితం రాకముందే, ప్రశ్ననూ పద్ధతినీ చూసి వ్యాసాన్ని అంగీకరిస్తారు. ఆ పద్ధతిలో వచ్చిన వ్యాసాలను మామూలు వ్యాసాలతో 2021లో పోల్చారు. మామూలు వ్యాసాల్లో పరిశోధకుడి ఊహ నిజమైనవి 96 శాతం. ముందుగా నమోదైన వాటిలో 44 శాతం. పరిశోధకుల తెలివితేటలు, నిజాయతీ రెండుచోట్లా ఒకటే అనుకోవచ్చు. మారినది ఏర్పాటు.

ఈ సంస్కరణలన్నీ కలిసినా తీరని లోటు ఇంకొకటుంది. అమెరికన్ జర్నళ్లలో ప్రయోగాలకు కూర్చున్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాల వాళ్లేననీ, ఆ దేశాల్లో ఉన్నది ప్రపంచ జనాభాలో 12 శాతమేననీ 2008లో లెక్క తేలింది. జోన్ మిల్లర్ 1984లో మైసూరు హిందువులనూ షికాగో అమెరికన్లనూ పోల్చి, ఎవరైనా ఒక పని చేస్తే ఎందుకు చేశారని అడిగింది. అమెరికన్ పెద్దలు ‘అతని స్వభావం అంత’ అన్నారు. మైసూరు పెద్దలు పరిస్థితిని, బంధుత్వాన్ని, బాధ్యతను చెప్పారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఈ తేడా పెద్దగా లేదు, వయసుతో పెరిగింది. పాఠ్యపుస్తకాలు మానవ సహజమని చెప్పిన లక్షణం కొంతవరకు షికాగో పెంపకపు లక్షణమని తేలింది. మన నేల మీద చేసిన పోలిక ఒక ప్రపంచ సిద్ధాంతాన్ని కదిలించగలదని చూపిన అధ్యయనాల్లో ఇదొకటి. అలాంటివి తెలుగునాట నుంచి చాలా తక్కువగా వచ్చాయన్నది నా ఫిర్యాదు.

మనదేశంలో మనసు పేరిట జరిగే అశాస్త్రీయ పనులు అన్నీ బాబాలవే కావు. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ అంటూ పోలీసులు ఏళ్ల తరబడి నిందితుల మెదళ్లు ‘చదివారు’. మెదడు తరంగాలతో నేరపు జ్ఞాపకాన్ని పట్టుకునే పరీక్షకు శాస్త్రీయ ఆధారం చాలదని బెంగళూరు నిమ్హాన్స్ డైరెక్టర్ నేతృత్వంలోని నిపుణుల సంఘం 2008లో చెప్పింది. 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు, మనిషి సమ్మతి లేకుండా ఈ మూడూ చేయకూడదంది. ప్రధానంగా వ్యక్తి హక్కుల మీద నిలబడిన తీర్పు అది. సంచలన నేరం జరిగిన ప్రతిసారీ నార్కో చేస్తే నిజం కక్కుతాడని టీవీ చర్చల్లో వినబడుతూనే ఉంటుంది. మత్తులో మనిషి నిజమే చెబుతాడన్న నమ్మకానికి, పూనకంలో దేవుడే పలుకుతాడన్న నమ్మకానికి తేడా ఏమిటో ఆ యాంకర్లు చెప్పాలి.

హేతువాద ఉద్యమం తెలుగునాట బలమైనదే. బాణామతి భయంతో మనుషుల్ని చంపిన పల్లెలకు వెళ్లి పనిచేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ నిప్పుల గుండం మీద నడిచేవాణ్ని ప్రశ్నించిన గొంతు, ల్యాప్‌టాప్‌తో, మెదడు బొమ్మతో వచ్చినవాడి ముందు మూగబోతుంది. వేలిముద్రలు తీసి పిల్లవాడు డాక్టరవుతాడో ఇంజనీరవుతాడో చెప్పేవాళ్లు, ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’తో కళ్లకు గంతలు కట్టినా చదివిస్తామనేవాళ్లు పట్టణాల్లో వేలకు వేలు వసూలు చేశారు. మధ్యమెదడు చేసే పనుల్లో కంటి కదలికలు ఉన్నాయి. కళ్లు మూసుకుని చదవడం లేదు. గంత కింద ముక్కు పక్కన ఉండే సందులోంచి పిల్లలు చూస్తున్నారు, అంతే. ఆ పిల్లలు కావాలని మోసం చేస్తున్నారని కూడా అనలేం; పెద్దలు ఆశించినది ఇవ్వడం పిల్లలకు అలవాటు. తల్లిదండ్రులు మాత్రం మా అమ్మాయికి ఏకాగ్రత పెరిగిందని సాక్ష్యం చెబుతారు. ఆ తరగతికి వెళ్లని అమ్మాయికి కూడా ఆ ఏడాదిలో వయసుతోపాటు ఏకాగ్రత పెరిగే ఉంటుంది.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక విన్నపం. అలాంటి ప్రదర్శనకు వెళ్తే పుస్తకానికీ పిల్లవాడి ముఖానికీ మధ్య, గడ్డం కింద, ఒక అట్ట అడ్డం పెట్టనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఫీజు కట్టకండి. మన విశ్వవిద్యాలయాల సైకాలజీ విభాగాలకు ఇంకో విన్నపం. ఎం.ఏ. విద్యార్థి చేత ఎవరూ చదవని మరో ప్రశ్నావళి సర్వే చేయించే బదులు, పేరున్న ఒక పాత ప్రయోగాన్ని ముందుగా నమోదు చేయించి, వరంగల్‌లోనో తిరుపతిలోనో తెలుగువాళ్ల మీద మళ్లీ చేయించండి. ఫలితం ఎటు వచ్చినా పట్టా ఇవ్వండి. ఆ నమోదు ఇంటర్నెట్‌లో ఎవరైనా చేసుకోవచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు.